చలికాలం పక్షుల లెక్క - ఒక పాత గుమాస్తా మనవి

(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వలన పెన్షను ఎవరో దయతలచి ఇచ్చేది కాదని, మన హక్కు అని తేలింది. అందుకే ఈ రోజు మనకు పండుగ. నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు డి.ఎ. గురించి, వైద్య బిల్లుల గురించి విపులంగా చెప్పారు. ఇంత ముఖ్యమైన సభలో ఈయన పిట్టల కథలు చెబుతాడేమిటని ముందు వరుసలో ఒకరిద్దరు నవ్వుకుంటున్నారు. నవ్వండి, తప్పులేదు. పన్నెండేళ్ళ క్రితం నేనూ అలాగే నవ్వాను.

2009లో నేను రిటైరయ్యాను. మొదటి ఏడాది బాగానే గడిచింది. ఆ తరువాత పొద్దున పేపరు, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం గుడి అరుగు మీద పే రివిజన్ చర్చలు. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడ ఉండాలో మా ఆవిడకు ఉత్తర్వులు జారీ చేయడం మొదలుపెట్టాను. ఆమె ముప్పై ఐదేళ్ళు నేను లేకుండానే ఇల్లు నడిపిన మనిషి. "మీరు మళ్ళీ ఎక్కడైనా ఉద్యోగంలో చేరండి, నాకు పుణ్యముంటుంది" అన్నది.

అప్పుడు మన సంఘంలో ఒక సైన్సు మాస్టారు ఉండేవారు. పేరు చెప్పనక్కరలేదు, మీలో చాలామందికి తెలుసు. ఆయన 2014 జనవరిలో పదకొండు మందిని ఒక వ్యానులో ఎక్కించి, ఏలూరు నుంచి కైకలూరు మీదుగా ఆటపాక తీసుకువెళ్ళారు. నేను వెళ్ళింది పక్షుల కోసం కాదు. వ్యాను బాడుగ సంఘం భరిస్తుందని, టిఫిను కూడా ఉందని వెళ్ళాను.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్నది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వంటివి తెచ్చిన నీరు అందులో చేరి, ఉప్పుటేరు గుండా సముద్రంలో కలుస్తుంది. ఆ కొల్లేటి అంచున ఉన్నది ఆటపాక. అక్కడ నీళ్ళలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్ళు పెట్టుకొని ఉన్నాయి. పడవ దగ్గరకు వెళ్ళేసరికి పిల్లలు చేసే గోల ఇంతా అంతా కాదు. పెద్ద పక్షి మాత్రం నోరు మెదపదు. ముక్కు కింద సంచిలాంటి తిత్తి ఉంటుంది. పిల్ల ఆ తిత్తిలోకి తల మొత్తం దూర్చి చేప తింటుంది. "మన పిల్లలు జీతం రోజున జేబులో చెయ్యి పెట్టినట్లు లేదూ?" అన్నది మా ఆవిడ. పడవంతా నవ్వులే.

నేను నా విజ్ఞానం ప్రదర్శించాను. "ఇవన్నీ సైబీరియా నుంచి వస్తాయి" అన్నాను. మాస్టారు మెల్లగా సరిదిద్దారు. "సైబీరియా పక్షులని పేపర్లలో రాస్తారండీ. కానీ ఈ గూడబాతులు, ఆ ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు మన దేశపు పక్షులే. నీళ్ళు, మేత ఎక్కడుంటే అక్కడికి తిరుగుతూ, అనువైన చోట గూళ్ళు పెడతాయి. చలికాలం మన దగ్గర తలదాచుకోవడానికి నిజంగా ఉత్తరాది నుంచి వచ్చేవి సూదితోక బాతుల వంటివి, ఉల్లంకి పిట్టల వంటివి. అవి ఇక్కడ గూడు పెట్టవు. సెప్టెంబరు, అక్టోబరులలో వచ్చి, మార్చి, ఏప్రిల్ నాటికి వెళ్ళిపోతాయి."

అంటే కొన్ని పక్షులది ఇక్కడ సొంత ఇల్లు, కొన్నింటిది క్యాంపు. మన భాషలో నాకు అలా అర్థమయింది.

తిరుగు ప్రయాణంలో మాస్టారు ఒక లాంగ్ నోటుబుక్కు నా చేతిలో పెట్టి, "మీరు గుమాస్తా పని చేసినవారు. రిజిస్టరు మీరు వ్రాయాలి" అన్నారు. రిజిస్టరు అనగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. రూళ్ళకర్ర పెట్టి గళ్ళు గీశాను. తేదీ, వేళ, స్థలం, పక్షి పేరు, సంఖ్య, రిమార్కులు. ఆయన చూసి 'సంఖ్య' అనే గడిని రెండుగా చీల్చమన్నారు. ఒకటి 'లెక్కించినవి', రెండవది 'అంచనా'. "ఈ రెండూ ఎప్పుడూ కలపకూడదు" అన్నారు. ముప్పై ఆరేళ్ళ సర్వీసులో ఏ ఆఫీసరూ నాకు ఇంత మంచి ఫార్మాటు చెప్పలేదు.

ఎగిరేవాటిని, మునిగేవాటిని లెక్కపెట్టడం ఎలా అని మీరు అడగవచ్చు. కొద్దిగా ఉంటే ఒక్కొక్కటిగా లెక్కించాలి. గుంపు పెద్దదైతే ముందు పదింటిని లెక్కించి, ఆ పది నీటి మీద ఎంత మేర పట్టాయో కంటితో కొలుచుకోవాలి. అటువంటి ముక్కలు గుంపు మొత్తంలో ఎన్ని ఉన్నాయో చూసుకొని పదితో హెచ్చవేయాలి. ఇంకా పెద్ద గుంపయితే వంద చొప్పున. ఇది అంచనా గడిలో వ్రాయాలి. మా ఆవిడ మాత్రం పదుల పద్ధతి ఒప్పుకోదు. చింతగింజలు లెక్కించినట్లు పుంజీలు పుంజీలుగా నాలుగేసి లెక్కపెడుతుంది. ఒకసారి ఒక బాతుల గుంపును నేను ఐదు వందలు అన్నాను, మాస్టారు మూడు వందల ఎనభై అన్నారు, ఆమె తొంభై మూడు పుంజీలు అన్నది. మాస్టారు మళ్ళీ నిదానంగా లెక్కించి, "అమ్మగారిదే దగ్గర" అన్నారు. అప్పటి నుంచి లెక్క ఆమెది, వ్రాత నాది.

రెండో ఏడాది సముద్రపు వైపు వెళ్ళాము. రాత్రి రైలెక్కి తెల్లవారేసరికి సూళ్ళూరుపేటలో దిగి, శ్రీహరికోట వెళ్ళే రోడ్డు మీద పులికాట్ సరస్సు మధ్యకు చేరాము. కొల్లేరుది మంచినీరు, పులికాట్‌ది సముద్రపు ఉప్పునీరు. శ్రీహరికోట దీవి బంగాళాఖాతానికి అడ్డుగా ఉండడం వలన లోపల నీరు నిలకడగా ఉంటుంది. ఈశాన్య రుతుపవనాల వానలకు కాళంగి, స్వర్ణముఖి వంటి నదుల నీరు వచ్చి కలుస్తుంది. చాలాచోట్ల మోకాలి లోతే. అందుకే పొడుగు కాళ్ళ పక్షులకు అది భోజనశాల.

దూరాన నీటి మీద గులాబీ రంగు చీరలు ఆరేసినట్లు కనిపించింది. బైనాక్యులరులో చూస్తే రాజహంసలు. పేపర్లలో ఫ్లెమింగోలు అంటారే, అవే. వాటిలో పెద్దజాతివి గుజరాత్‌లోని కచ్ రణ్‌లో గూళ్ళు పెడతాయి. తల కిందులుగా నీళ్ళలో పెట్టి, ముక్కుతో బురదనీరు పీల్చి, మేతను వడకట్టుకొని నీటిని బయటకు తోసేస్తాయి. మనం కాఫీ వడకట్టినట్లే. ఆ గులాబీ రంగు కూడా తిన్న తిండి నుంచి వచ్చేదేనట. చిన్న వయసులో బూడిద రంగులో ఉంటాయి.

అందరం రాజహంసలనే చూస్తుంటే మాస్టారు మా కాళ్ళకు కొద్ది దూరంలో బురద మీద పరుగెత్తే చిన్న పిట్టలను చూపించారు. పిచ్చుకంత కూడా అనిపించవు. ఉల్లంకి జాతిలో చిన్నవి. బరువు పాతిక గ్రాముల ప్రాంతం, అంటే కోడిగుడ్డులో సగం. ఉత్తర ధ్రువం దగ్గరి మంచు మైదానాలలో పుట్టి, చలికాలానికి మన తీరానికి వస్తాయి. "ఫొటో కోసం వీటిని లేపకండి" అన్నారు మాస్టారు. "ఇవి ఇక్కడ తిన్న తిండే తిరుగు ప్రయాణానికి కొవ్వుగా దాచుకోవాలి. మనం చప్పట్లు కొట్టి లేపిన ప్రతిసారీ వాటి దారి ఖర్చులో కోత పడుతుంది." టి.ఎ. బిల్లులో కోత పడితే ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు.

ఆ సాయంత్రం దొరవారిసత్రం దగ్గర నేలపట్టు చూశాము. 1976లో ఏర్పడిన అభయారణ్యం. చెరువు నీళ్ళలో నిలబడిన చెట్ల మీద గూడబాతుల గూళ్ళు. పక్షుల రెట్టలు పడిన ఆ నీరు పొలానికి బలమని అక్కడి రైతులు చెప్పారు. అదే విధంగా గుంటూరు దగ్గర ఉప్పలపాడులోనూ ఊరి చెరువే పక్షుల ఊరయింది. ఊరివాళ్ళు తమవనుకున్న చోట పక్షి నిలబడుతుంది. నేను చూసినంతలో ఇదే సూత్రం.

ఇక నేను ఈ వేదిక మీద చెప్పవలసిన అసలు మాట చెబుతాను. ఇది ఇంతవరకు మా ఆవిడకు, మాస్టారికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

1978 ప్రాంతంలో నేను ఒక కార్యాలయంలో ఎల్.డి.సి.ని. కార్యాలయం పేరు అక్కరలేదు. తప్పు కార్యాలయానిది కాదు, నా కలానిది. ఏటా కొల్లేటి లంకల భూముల మీద ఒక స్టేట్‌మెంటు పైకి పంపాలి. అందులో చివరి గడి 'ప్రస్తుత స్థితి'. వెళ్ళి చూసి వ్రాయవలసిన గడి అది. క్రితం ఏడు కాపీలో 'నిరుపయోగము' అని ఉన్నది. దానికి ముందు ఏడు కూడా అదే. నేను ఒకసారి 'నిరుపయోగము' అని వ్రాసి, దాని కింద వరుసగా డిటోలు పెట్టాను. చక్కని దస్తూరి అని హెడ్ గుమాస్తా గారు మెచ్చుకున్నారు కూడా. నేను కొల్లేరు చూడలేదు. బస్సులో గంటన్నర దూరంలో ఉండి, నాలుగేళ్ళు ఆ స్టేట్‌మెంటు వ్రాసి, ఒక్కసారి చూడలేదు.

అవి కొల్లేటిలో చేపల చెరువులు త్రవ్వడం మొదలయిన రోజులు. మొదట సహకార సంఘాల పేరు మీద వచ్చాయి, తరువాత బయటివారి పెట్టుబడులు వచ్చి గట్ల మీద గట్లు లేచాయి. 1946లో కె.కె. నీలకంఠన్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు కొల్లేటి ప్రాంతంలో ఆరేడు అనే ఊరి దగ్గర గూడబాతుల పెద్ద స్థావరాన్ని చూసి లోకానికి తెలియజేశారు. 1970లు ముగిసేనాటికి అక్కడ ఆ గూళ్ళు లేవు. నా డిటోల వల్లనే కొల్లేరు పాడయిందని చెప్పుకునేంత గొప్పవాణ్ణి కాను. కానీ పైన కూర్చున్నవారు కాగితం చూసి నిర్ణయం చేస్తారు. ఆ కాగితంలో ఒక అబద్ధం నా దస్తూరిలో ఉన్నది.

నాలుగో ఏడో, ఐదో ఏడో గుర్తులేదు, కొల్లేటికోట పెద్దింట్లమ్మ వారి దర్శనం చేసుకొని, ఒక దోనె మాట్లాడుకొని నీళ్ళలోకి వెళ్ళాము. దోనె నడిపే అతనికి నా కంటే నాలుగైదేళ్ళు తక్కువ ఉంటాయి. మాటల్లో అతని లంక పేరు చెప్పాడు. నా స్టేట్‌మెంటులో ఉన్న పేరే! నాకు గుండె జల్లుమన్నది. "అప్పట్లో మీ లంక ఎలా ఉండేదయ్యా? ఏమీ లేకుండా ఖాళీగా ఉండేదా?" అని అడిగాను.

"ఖాళీ ఏంటి బాబుగారూ! నీళ్ళున్నప్పుడు చేపలు, నీళ్ళు తీస్తే వరి. తుంగ కోసి చాపలు అల్లేవోళ్ళం. చలికాలం పిట్టలొచ్చి వాలితే అవతలి గట్టు కనపడేది కాదండి" అన్నాడు. కాసేపు గెడ వేసి మళ్ళీ తనే అన్నాడు. "2006లో గట్లు కొట్టేసినప్పుడు మా సొసైటీ చెరువు కూడా పోయిందండి. పెద్దోళ్ళతో పాటు మాదీ. మా తమ్ముడు పని కోసం వలస పోయాడు. పిట్టలు తిరిగొచ్చినాయి గానీ వాడు రాలేదు. ఆ పుస్తకంలో అదీ రాయండి బాబుగారూ."

వ్రాశాను. రిమార్కుల గడిలో, ఆ రోజు తేదీ వేసి, అతను చెప్పిన మాటలే వ్రాశాను. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరి అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది, 2006లో సుప్రీంకోర్టు జోక్యంతో చెరువుల గట్లు తొలగించారు. ఇవన్నీ సరయిన పనులే అంటాను. అయితే దోనె మీద అతను చెప్పింది కూడా లెక్కలోకి రావాలి. ఏది కనబడితే అది, ఏది వినబడితే అది వ్రాయడమే రిజిస్టరు పని. నలభై ఏళ్ళు ఆలస్యంగానైనా ఆ గడిని నేను చూసి నింపాను.

ఇంకొక సంగతి. 2021 జనవరిలో కోవిడ్ వలన మేము ఎక్కడికీ వెళ్ళలేదు. పేజీ ఖాళీగా ఉండడం నా కంటికి బాగాలేదు. పాత అలవాటు చచ్చిపోదు కదా! ముందు రెండేళ్ళ సగటు వేసి నింపేద్దామా అన్నాను ఫోనులో. మాస్టారు కోప్పడలేదు. "వెళ్ళలేదు అని వ్రాయండి. అది కూడా నిజమే కదా" అన్నారు. ఆ పేజీ మీద ఈనాటికీ ఆ ఒక్క మాటే ఉన్నది.

మాస్టారు ఈ ఏడాది మార్చిలో కాలం చేశారు. జనవరి లెక్కకు వచ్చి, కుర్చీలో కూర్చొనే చూశారు. వెళ్ళిపోయిన నెలకు వాళ్ళమ్మాయి ఆయన బైనాక్యులరు తెచ్చి సంఘానికి ఇచ్చింది. దాని మీద 8×42 అని ఉంటుంది. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లని అర్థం. అంతకన్నా పెద్దది కొంటే మన వయసు చేతులలో వణుకు కూడా అన్ని రెట్లు కనిపిస్తుంది. అది కార్యదర్శి గారి బీరువాలో ఉన్నది. బీరువాలో ఉండవలసిన వస్తువు కాదు.

మొదటిసారి పదకొండు మంది వెళ్ళాము. క్రిందటి జనవరిలో ఐదుగురం. కొందరు వెళ్ళిపోయారు, కొందరికి మోకాళ్ళు, కొందరు పిల్లల దగ్గరకు అమెరికా వెళ్ళారు. ఈ జనవరికి చేతులెత్తినవారు ఇంతవరకు ముగ్గురు. అందులో నేనూ, మా ఆవిడా ఇద్దరం. 1987 నుంచి ఆసియా అంతటా జనవరి నెలలో నీటిపక్షుల లెక్క జరుగుతున్నది. చూసేది చాలావరకు మనవంటి స్వచ్ఛంద సేవకులే. ఒక ఏడాది లెక్కకు విలువ తక్కువ. అదే చోట, అదే నెలలో, ఏడాది తరువాత ఏడాది వ్రాస్తేనే పెరిగాయో తరిగాయో తెలుస్తుంది. సర్వీసు రిజిస్టరులో బ్రేకు పడితే ఎంత ఇబ్బందో మీకు నేను చెప్పాలా?

రావడానికి గొప్ప ఆరోగ్యం అక్కరలేదు. పక్షులను చూడటంలో సగం పని కూర్చోవడమే. ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు, అంతే. మడత కుర్చీ, మఫ్లరు, ఫ్లాస్కులో కాఫీ, వేసుకోవలసిన మాత్రలు, షుగరున్నవారికి రెండు బిస్కెట్లు తెచ్చుకోండి. తెల్లని ఇస్త్రీ బట్టలు వద్దు, మట్టిరంగువి మేలు. ప్లాస్టిక్ సంచులు వద్దు. మాట నెమ్మదిగా ఉండాలి. చెవి సరిగా వినబడనివారు గట్టిగా మాట్లాడతారు గనుక వారిని చివర కూర్చోబెడతాము, కోపం తెచ్చుకోవద్దు. ఆడవారికి ఇబ్బంది లేకుండా మరుగుదొడ్డి సౌకర్యం ఉన్న చోటే ఆగుతాము. మనవళ్ళను, మనవరాళ్ళను తీసుకురండి. వారి కళ్ళు మనకు కావాలి, మన ఓపిక వారికి కావాలి.

ఒక లాభం కూడా చెబుతాను. మా బృందంలో ఒకాయన ఆటపాకలో కుడి కన్ను మూస్తే గూడబాతు కనిపిస్తున్నదని, ఎడమ కన్ను మూస్తే పొగమంచు కనిపిస్తున్నదని గమనించాడు. డాక్టరు దగ్గరకు వెళితే కుడికంటిలో శుక్లం. ఆపరేషనయిన తరువాత మరుసటి ఏడు వచ్చి, "ఇన్ని రంగులున్నాయా వీటికి!" అన్నాడు.

జనవరి రెండవ ఆదివారం ఆటపాక వెళుతున్నాము. పేర్లు ఇవ్వదలచినవారు సభ అయిన తరువాత నా దగ్గరకు రండి. రిజిస్టరు ఇక్కడే తెచ్చాను. ఈ జనవరి పేజీకి గళ్ళు గీసి ఉంచాను. నాకు డెబ్బై నాలుగేళ్ళు. నా తరువాత ఆ గళ్ళు నింపే చెయ్యి ఒకటి ఈ హాలులో ఉండాలని నా కోరిక. దస్తూరి బాగుండనక్కరలేదు. వెళ్ళి, చూసి వ్రాస్తే చాలు. డిటోలు మాత్రం పెట్టవద్దు.